నౌపడ ఉప్పు

సుంకి ఘాటీ ఏడో మలుపులో
రేడియేటర్ మూత విప్పాను.
లోపలి ఆవిరి ముందుగా నన్నే తిట్టింది.
మే నెల. రెండు దాటింది.
రాయి మీద చెయ్యి ఆనితే
ఎవరో పొయ్యి మీంచి దించి పెట్టినట్టుంది.

వెనక రెండొందల బస్తాల ఉప్పు.
నౌపడ మడుల్లో
నీళ్లను ఎండ ఎత్తుకుపోతే మిగిలిన ఉప్పు.
పొట్టంగి దాటించి కొరాపుట్ గోదాములో దించాలి.
టార్పాలిన్‌కి మూరెడు చిరుగు.
ఓనరుకి చూపించాను,
"వానలు పడ్డాక చూద్దాంలే" అన్నాడు.
ఆ సంగతి ఆకాశానికి ఎవరూ చెప్పలేదు.

టీ బడ్డీ గురుబారి
కుండ మీద మూత పెట్టి
మండుతున్న కర్రల్ని బయటికి లాగి మట్టిలో పొడిచింది.
"ఇంకో టీ లేదా?"
దేవ్‌మాలి వైపు గడ్డం ఎత్తి చూపించింది.
కొండ మీద ఇంకో కొండ నిలబడి ఉంది.
ఉదయం అది అక్కడ లేదు.
నెత్తిన చదునుగా, కమ్మరి దాగలిలా ఉంది.
దాని పొట్టలో ఎవరో
బీడీ వెలిగించుకోబోయి ఆర్పేస్తున్నారు.

ముందు వాన రాలేదు, చలి వచ్చింది.
మెడ వెనక చెమట మీద
ఎవరిదో తడి అరచెయ్యి.
మట్టి వాసన వేసింది, ఇక్కడి మట్టిది కాదు.
అవతలి లోయలో
ఎవరి చోడి చేల మీదో కురిసేసి
చేతులు కడుక్కోకుండా వచ్చిన గాలి.
ముందు ఎండుటాకులు పోయాయి, వాటి వెనక కోళ్లు,
కోళ్ల వెనక ఒక ఎర్ర బకెట్టు
దొర్లుకుంటూ సాలూరు వైపు దిగిపోయింది.

మనం గాలివాన అంటాం,
వాళ్లు కాలబైశాఖి అంటారు.
నేను పేరు అడిగి తెలుసుకునేలోపే
క్యాబిన్ మీద మొదటి వడగల్లు పడింది.

తవిటయ్యకి పద్దెనిమిదేళ్లు.
నేను చెప్పకముందే బస్తాలెక్కాడు.
చిరుగు మీద బోర్లా పడుకుని
ఒళ్లే అతుకు చేశాడు.
"దిగరా!"
"సరుకు కరిగిపోతాది బాబూ!"
మెరుపుకీ ఉరుముకీ నడుమ
అయిదు లెక్కపెట్టాను.
తరవాత మూడు.
తరవాత లెక్కకి చోటు మిగల్లేదు.
కింది మలుపులో పనస చెట్టు
నిలువునా తెల్లగా తెరుచుకుంది.
నేనేం అరిచానో నాకు తెలీదు,
వాడి అమ్మ పేరు అరిచానట.

దిగాడు.
ముక్కు మీద రక్తం, గుప్పెట్లో మూడు వడగళ్లు.
ఎందుకు తెచ్చాడో వాడికీ తెలీదు.

గురుబారి ఒక మాట మాట్లాడలేదు.
చింతపండు ఆరబోసిన నీలం పట్టాని
కొసలు పట్టి ఒక్క దులుపు దులిపింది.
ఆర్నెల్ల చింతపండు
బురదలో దొర్లుతుంటే చూడలేదు.
పట్టా నా చేతిలో పెట్టి
"ఇంకెక్కొద్దు, విసిరెయ్" అంది.
విసిరాను. సగం కప్పింది.

మిగతా సగంలో
ఉప్పూ నీళ్లూ కలుసుకున్నాయి.
ఏ అల దగ్గర విడిపోయాయో,
ఒకటి లారీ ఎక్కి, ఒకటి మబ్బెక్కి
మూడు వేల అడుగుల పైన
చుట్టాల్లా ఒకదాన్నొకటి పట్టుకుని
బండి పక్కల్నించి కారిపోయాయి.
నష్టపోతున్నది నేను. అయినా
కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను.

ముప్పావుగంటే.
తరవాత బ్రేకు డ్రమ్ములు బుసకొట్టడం మానేశాయి.
లోయలోంచి పొగలా మబ్బు లేచింది.
ఎండాకాలమంతా ఎక్కడో కూర్చున్న చలి
మా బనీన్లలోకి వచ్చి కూర్చుంది.
తవిటయ్య పళ్లు టకటకలాడిస్తూ
"భలేగుంది బాబూ" అన్నాడు, ముక్కు తుడుచుకుని.

పదకొండు బస్తాలు పోయాయి.
నా జీతంలో ఎన్ని నెలలో వేళ్ల మీద వేసి
మధ్యలో వదిలేశాను.
తడిసిన బస్తా ఒకటి దించి
గురుబారి బడ్డీలో పెట్టాను.
ఆవిడ దాన్ని చూసింది, బురదలో చింతపండుని చూసింది,
నవ్విందో లేదో
పొయ్యి ముట్టించే పనిలో తల వంచేసింది.

మళ్లీ బండి స్టార్ట్ చేసేసరికి
ఎక్కణ్నించి వచ్చాయో మేకలు,
ఇరవై దాకా,
రోడ్డుకి అడ్డంగా మోకాళ్ల మీద వంగి
తారుని నాకుతున్నాయి.
హారన్ మీద చెయ్యి పెట్టాను.
కొట్టలేదు.